ఏడు, ఎనిమిది తరగతులతో విశాఖ, బొర్రా, అరకు: ఏ చోటు ఎంత పాఠం చెప్పింది

బడి నుంచి విహారయాత్ర అనగానే ముందు ఖర్చు లెక్క, ఆ తర్వాత బస్సు బేరం. తిరిగొచ్చాక తరగతి గదిలో ఆ చోటుతో ఎన్నాళ్లు పని ఉంటుందన్న ఆలోచన ఎక్కడో చివర్లో వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో ఉత్తరాంధ్ర తిరిగి వచ్చాక నేను చూసిన చోట్లను ఆ ఒక్క తూకంతోనే తూస్తున్నాను. నేను సైన్సు టీచర్ని కాబట్టి తూకం కాస్త సైన్సు వైపు మొగ్గుతుంది. సోషల్ మాస్టారు రాస్తే వరుస మారొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ పని ఇచ్చింది రైలు. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు తూర్పు కనుమల్లోకి ఎక్కుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి 1960లలో వేసిన దారి ఇది. యాభైకి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు. అందరూ లోయలు చూడడానికి ఎక్కుతారు, మేము బోర్డులు చదవడానికి ఎక్కాం. మన రైల్వే స్టేషన్ల పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ప్రతి స్టేషన్లో ఆ అంకెను, గడియారంలో సమయాన్ని రాసుకోవడం పిల్లల పని. విశాఖలో పది మీటర్లలోపే మొదలైన అంకె శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దాటేకొద్దీ పెరుగుతూ పోయింది. శిమిలిగూడ బోర్డు మీద 996 మీటర్లు చూసి బోగీ అంతా అరిచింది. దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద ఒకప్పుడు అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అదే.

బడికొచ్చాక ఆ అంకెల్ని గ్రాఫు కాగితం మీద పెట్టారు. అడ్డంగా సమయం, నిలువుగా ఎత్తు. కొత్తవలస దాకా దాదాపు చదునుగా సాగిన గీత తర్వాత నిటారుగా లేచి, శిమిలిగూడ దాటి అరకు చేరేసరికి కిందికి వంగింది. "టీచర్, అరకు కొండ మీద కదా, మరి దిగుతున్నామేంటి?" అని అడిగింది ఒకమ్మాయి. అరకు లోయ అని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని ప్రశ్న అది. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం, ఆ పల్లం కూడా సముద్రం కంటే దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. ఇదంతా ఆ గీత వంపులోంచే బయటికి లాగారు. లెక్కల పీరియడ్‌లో గ్రాఫు అంటే ముఖం తిప్పుకునే పిల్లాడు ఈ గ్రాఫును సొంతంగా రెండోసారి గీశాడు, ఈసారి సమయానికి బదులు కిలోమీటర్లు పెట్టి. మొదటిదానికి, రెండోదానికి వాలు ఎందుకు మారిందో తనే వివరించాడు. రైలు ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి సమయంతో గీస్తే కొండ మెల్లగా లేచినట్టు కనిపిస్తుందట. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సొరంగాల లెక్క ఒక్కో జట్టుకు ఒక్కోలా వచ్చింది. గీతలు గీసి అయిదేసి కట్టలు కట్టడం నేర్పితే సగం తగవు తీరింది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ పెద్దవాళ్లకు బాగుంటుందేమో గానీ, ఇలాంటి పనికి మామూలు బోగీయే మేలు. కిటికీ తెరిచి ఉంటుంది, గాలి చల్లబడడం చర్మానికి తెలుస్తుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గాలి. మా థర్మామీటర్లు అంత తేడా చూపలేదు. పొద్దున్న విశాఖలో, మధ్యాహ్నం అరకులో కొలిస్తే పోలిక సరిగ్గా కుదరదని ఎనిమిదో తరగతి వాళ్లు వాదించి తేల్చారు.

బొర్రా గుహలకు వెళ్లే ముందే తరగతిలో సున్నపు తేటతో ఒక పని చేశాం. తేటలో సగానికి సగం నీళ్లు కలిపి, స్ట్రాతో నిదానంగా ఊదాలి. పీల్చకూడదని గట్టిగా చెప్పాలి. తేట పాలలా తెల్లబడుతుంది. పాఠ్యపుస్తకంలో కథ అక్కడితో ఆగుతుంది. మేము ఊదుతూనే ఉన్నాం. చాలాసేపటికి ఆ తెలుపు విరిగి మళ్లీ తేరుకుంది. ఆ నీటిని వేడి చేస్తే మళ్లీ తెల్లబడింది. బొర్రాలో లక్షల ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. మన ఊపిరిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కలిసిన వాననీరు సున్నపురాయిని కరిగించుకుని దిగుతుంది, గుహలోకి వచ్చాక ఆ వాయువు గాలిలోకి పోతుంది, రాయి మళ్లీ రాయిగా మిగులుతుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. గుహలో చుక్క పడిన చోటు చూడగానే పిల్లలు "గ్లాసులో చూసిందే" అన్నారు. ముందు చేయించకపోయి ఉంటే రంగు రంగుల లైట్లు చూసి వచ్చేసేవారు.

గైడు సేవ గురించి ఒక మాట. అక్కడి గైడ్లు రాళ్లలో శివపార్వతుల్ని, తల్లీబిడ్డల్ని, ఏనుగును చూపిస్తారు. అది వాళ్లు తరాలుగా చెప్పుకుంటున్న కథ, వినదగ్గదే. కాకపోతే మాకు దొరికిన గైడు దగ్గర నేను ముందే అడిగి ఉంచాను, నీళ్లు ఎక్కడ ఇంకా కారుతున్నాయో చూపించమని. ఆయన ఆనందంగా ఓ మూలకి తీసుకెళ్లి తడి స్తంభాలు, పూర్తిగా ఎండిపోయిన స్తంభాలు పక్కపక్కనే చూపించారు. గోస్తని నది సంగతి, గుహ పైనుంచే రైలు పట్టాలు పోయే సంగతి కూడా చెప్పారు. అడిగితే దొరికే సేవ ఇది. మెట్లు తడిగా ఉంటాయి, పట్టున్న చెప్పులు తప్పనిసరి. ఊపిరి ఆడనట్టు అనిపించే పిల్లలుంటే సగంలోనే ఒక టీచరు వాళ్లతో వెనక్కి రావాలి.

తిరిగొచ్చాక రెండు గ్లాసుల్లో చిక్కటి బట్టల సోడా ద్రావణం పోసి, మధ్యలో ఊలు దారం వేలాడదీసి, కింద పళ్లెం పెట్టాం. కొన్ని జట్లకు దారం మీద తెల్లటి ముక్కు పెరిగింది, కొన్నిటికి పళ్లెంలో మడుగే మిగిలింది. మడుగు మిగిలినవాళ్లు ఓడిపోలేదు. వాళ్ల దారం మరీ కిందికి జారి చుక్క వేగంగా పడుతోందని వాళ్లే పట్టుకున్నారు. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుందనుకుంటే మీటరు పొడవుకు పదివేల ఏళ్లని లెక్కగట్టి, గోడ మీద కాలరేఖ అతికించారు. ఆరో తరగతి వాళ్లకు ఆ కాలరేఖను చదివి చెప్పింది కూడా వీళ్లే. గుహ నమూనా మండల స్థాయి విజ్ఞాన ప్రదర్శనకు వెళ్లింది, అక్కడ నుంచి జిల్లాకు ఎంపికైంది. ఆ రోజు బడిలో సందడే సందడి.

విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మించిన తరగతి గది లేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి ప్రదర్శనశాల. తొంభై ఒక్క మీటర్ల పొడవు, లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాలి. గైడ్లలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లుంటారు. ఈ యాత్ర మొత్తంలో అన్నిటికంటే మంచి సేవ నాకు అక్కడే కనిపించింది. పిల్లాడి కళ్లలోకి చూసి జవాబు చెప్పే ఓపిక వాళ్లది. "మునిగాక మళ్లీ ఎలా తేలుతుంది సార్?" అన్న ప్రశ్నకు తొట్లలోకి నీళ్లు ఎలా వస్తాయో, గట్టిగా కుదించిన గాలి వాటిని ఎలా బయటికి నెడుతుందో చేతులతో చూపించారు. బడిలో నీళ్ల సీసాలో పెన్ను మూత, చిన్న మట్టి ముద్దతో దాన్నే చేశాం. సీసా నొక్కితే మునుగుతుంది, వదిలితే తేలుతుంది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన ప్రదర్శనశాల కూడా బాగుంది, కానీ పిల్లలకు కొలవడానికో, చేసి చూడడానికో అక్కడ తక్కువ దొరికింది. సమయం చాలకపోతే కురుసురనే ఎంచుకోండి, అదీ చిన్న జట్లుగా.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మా పిల్లల్లో చాలామందికి మొదట నచ్చలేదు. నీడ లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటుకి ఈ మాత్రం వసతి కల్పించకపోవడం బాధగా ఉంది. అయినా నేను మళ్లీ తీసుకెళ్తాను. వాననీరు ఇసుకను కోసి చేసిన లోతైన గండ్లలో నిలబడితే కోత అనే మాటకు ఇక వేరే బొమ్మ అక్కర్లేదు. మట్టి పిడికెడు కూడా తేకూడదని ముందే చెప్పాం, పిల్లలు ఆ మాట నిలబెట్టారు. బడి వెనక వాలు మట్టి మీద, గడ్డి ఉన్నచోట, లేనిచోట మొక్కలకు పోసే ఒకే జల్లు డబ్బాతో నీళ్లు పోసి కొట్టుకుపోయిన మట్టిని ఎండబెట్టి తూచారు. ఆ తూకం పట్టిక ఇప్పటికీ నోటీసు బోర్డు మీద ఉంది.

అరకులో గిరిజన మ్యూజియం సోషల్ మాస్టారికి, కాఫీ తోట నాకు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ ఓక్ మానుకే మిరియాల తీగ. ఒకే నేలలో మూడు అంతస్తుల పంటను పిల్లలు అక్కడే కూర్చుని బొమ్మ వేశారు.

వసతి విషయానికొస్తే, పిల్లల యాత్రకి అందమైన గదుల కన్నా ఒక పెద్ద హాలు ముఖ్యం. విశాఖలో కల్యాణ మండపం హాల్లో దిగాం. చాపలు, దుప్పట్లు సాదాసీదా, అయినా రాత్రి అందరూ గుండ్రంగా కూర్చుని ఆనాటి నోట్సు సరిచూసుకోగలిగాం. అరకులో ఓ ప్రైవేటు లాడ్జిలో నలుగురేసి గదుల్లో సర్దారు. గదులు శుభ్రమే గానీ పిల్లలు చెల్లాచెదురయ్యారు, ఆ రాత్రి నోట్సు పని సాగలేదు. వేడినీళ్లు ఇస్తామన్న మాట మొదటి గంటతోనే సరి. డిసెంబరు చలిలో ఆడపిల్లలు చన్నీళ్లతో ముఖం కడుక్కోవాల్సి వచ్చింది. బుక్ చేసేటప్పుడు స్నానాల గదులు ఎన్ని, వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, రాత్రి కూర్చునే చోటు ఉందా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. పర్యాటక సంస్థ హరిత రిసార్టులు అరకులోనూ అనంతగిరిలోనూ ఉన్నాయి. శీతాకాలం వారాంతాల్లో చివరి నిమిషంలో చోటు ఆశించకండి.

తిరుగు ప్రయాణం ఘాట్ రోడ్డు మీద బస్సులో. మలుపులకు కడుపు తిప్పే పిల్లలు తప్పకుండా ఉంటారు, వాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టి, ఎక్కే ముందు తేలికగా తినిపించాలి. కురుసురకు సోమవారం సెలవు, కాబట్టి విశాఖను ఆ రోజుకు పెట్టుకోవద్దు. రైలును మాత్రం కొండ ఎక్కేటప్పుడే వాడండి. సముద్రం దగ్గర మొదలై పైకి పోతేనే బోర్డుల మీద అంకె పెరుగుతుంది.