మేనేజర్ రాజకీయం నచ్చకపోతే అభిమానికి ఏది మేలు: మౌనమా, వదిలేయడమా, నిలదీయడమా?

నెల్లూరులో క్రికెట్ అభిమానులతో పోలిస్తే ఫుట్‌బాల్ చూసేవాళ్లం పిడికెడు మందిమి. అయినా వారాంతంలో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్ ముందు నలుగురం చేరితే వాదనలకు కొదవ ఉండదు. ఎంతకీ తెగని వాదన మాత్రం ఒకటి ఉంది. మనం ప్రాణంగా చూసుకునే జట్టుకు మేనేజర్‌గా, అంటే ప్రధాన కోచ్‌గా, వచ్చిన మనిషి రాజకీయ భావాలు మనకు మింగుడు పడకపోతే ఏం చేయాలి? ఆట చూసి ఊరుకోవాలా, జట్టునే వదిలేయాలా, ఉంటూనే నిలదీయాలా?

2013లో ఇంగ్లండ్ క్లబ్బు సండర్లాండ్‌లో జరిగింది చూస్తే ఈ మూడు దారులూ విడివిడిగా కనబడతాయి. ఆ ఏడాది మార్చి 31న ఆ క్లబ్బు ఇటలీ మాజీ ఆటగాడు పావ్లో డి కానియోను మేనేజర్‌గా తీసుకుంది. 2005లో ఇటలీ క్లబ్బు లాజియోకు ఆడుతున్నప్పుడు అభిమానుల వైపు తిరిగి ముస్సోలినీ నాటి ఫాసిస్టుల పద్ధతిలో చేయి చాచి వందనం చేసినవాడు అతను. తాను ఫాసిస్టునే తప్ప జాత్యహంకారిని కానని అప్పట్లో చెప్పుకున్నాడు కూడా. నియామకం ప్రకటించిన రోజే క్లబ్బు వైస్ చైర్మన్, బ్రిటన్ మాజీ విదేశాంగ మంత్రి డేవిడ్ మిలిబాండ్ రాజీనామా చేశారు. డర్హామ్ గని కార్మికుల సంఘం స్టేడియంలో ఉన్న తమ పతాకాన్ని తిరిగి ఇచ్చేయాలని అడిగింది.

ఆ పతాకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సండర్లాండ్ స్టేడియం 1993లో మూతపడిన వేర్‌మౌత్ బొగ్గు గని స్థలంలోనే లేచింది. గని దీపం గుర్తుగానే దానికి ‘స్టేడియం ఆఫ్ లైట్’ అని పేరు పెట్టారు. బయట గని కార్మికులు వాడిన డేవీ దీపం పెద్ద ప్రతిమ కూడా ఉంది. డర్హామ్ ప్రాంతంలో ఒక్కో గని కార్మికులకు ఒక్కో పతాకం ఉంటుంది. బొమ్మలు చిత్రించిన ఆ వెడల్పాటి గుడ్డను రెండు కర్రల మధ్య కట్టి, ఏటా జులైలో బ్యాండు మేళంతో ఊరేగిస్తారు. గూడూరు, సైదాపురం వైపు మైకా గనుల్లో తాతలు, తండ్రులు పనిచేసిన కుటుంబాలకు దాని విలువ ఎవరూ వివరించనక్కరలేదు. ఫాసిస్టులు ఇటలీలో అధికారం పట్టాక మొదట విరిచినవాటిలో కార్మిక సంఘాలు ఉన్నాయి. అలాంటి సంఘం పతాకం ఉన్న చోటికి ఈ మనిషిని తెచ్చి నిలబెట్టారు.

ఇక మొదటి దారి, మౌనం. “అన్నా, మనకు కావలసింది గోల్స్. ఆయన ఎవరికి దండం పెడితే మనకెందుకు?” అని మా బృందంలో కుర్రవాళ్లు అంటుంటారు. ఆ మాటలో బలం లేకపోలేదు. అప్పటికి సండర్లాండ్‌కు ఏడు మ్యాచ్‌లే మిగిలాయి, కింది డివిజన్‌కు పడిపోయే ప్రమాదం నెత్తి మీద ఉంది. ఏప్రిల్ 14న బద్ధశత్రువు న్యూకాజిల్‌ను వాళ్ల మైదానంలోనే 3-0తో ఓడించారు. డి కానియో గీత పక్కన మోకాళ్ల మీద జారుతూ సంబరం చేసుకున్నాడు. అంతటితో రాజకీయం గొడవ చాలావరకు సద్దుమణిగింది. నాకు బాధ కలిగించేది అదే. ఏప్రిల్ 14 మనకు అంబేడ్కర్ జయంతి. పొద్దున సమానత్వం చెప్పిన మనిషి విగ్రహానికి దండ వేసి, సాయంత్రం ఆ వందనం చేసిన చేతికి చప్పట్లు కొట్టడం నా వల్ల కాదు. పైగా ఈ మౌనం నిలకడ లేనిది. తర్వాతి సీజన్ మొదటి అయిదు లీగ్ మ్యాచ్‌లలో ఒక్క పాయింటే రావడంతో సెప్టెంబరులో అతన్ని సాగనంపారు. పాయింట్లున్నంత కాలం ఓర్చుకున్నారు, పాయింట్లు పోయాక పంపేశారు. అతని భావాలు తప్పా, ఒప్పా అన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

రెండో దారి, వదిలేయడం. పదవిలో ఉన్న మిలిబాండ్ వెళ్తే మర్నాడు పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది. నెల్లూరులో మనం టీవీ కట్టేస్తే పక్క గదికి కూడా తెలియదు. ఫలితం లెక్కన చూస్తే ఇది బలహీనమైన దారే. కానీ ఒక మేనేజర్ మాటలు తన మతాన్నో, తన కులాన్నో, తన రంగునో కించపరుస్తున్నాయని అనుకునే అభిమానిని ఫలితం లెక్క చెప్పి ఆపే హక్కు ఎవరికీ లేదు. అతను వెళ్లిపోతే ద్రోహి అనడం మహాపాపం. ఆ అవమానం మనకు తగలలేదు కాబట్టి ఉండటం మనకు సులువు, అంతే.

మూడోది నిలదీయడం. నా ఓటు దీనికే. గని కార్మికులు క్లబ్బును శపించలేదు. ‘మా పతాకం మాకు ఇవ్వండి’ అని తేల్చి అడిగారు. మొదటి విలేకరుల సమావేశంలో రాజకీయాల గురించి మాట్లాడనని మొండికేసిన డి కానియో, ఏప్రిల్ 3న క్లబ్బు ద్వారా ప్రకటన ఇచ్చాడు. ఫాసిస్టు సిద్ధాంతాన్ని తాను సమర్థించడం లేదని అందులో రాతపూర్వకంగా ఉంది. మనసులో ఏముందో దేవుడికెరుక. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి లేకపోతే ఆ కాగితమైనా వచ్చేది కాదు.

‘మేనేజర్లు రాజకీయం మాట్లాడకూడదు’ అని నేను అనను. లివర్‌పూల్‌ను నిలబెట్టిన బిల్ షాంక్లీ బాహాటంగా సోషలిస్టు. స్పెయిన్ నుంచి విడిపోవాలని కోరి జైల్లో ఉన్న కాటలోనియా నాయకులకు మద్దతుగా పసుపు రిబ్బను పెట్టుకున్నందుకు 2018లో అప్పటి మాంచెస్టర్ సిటీ మేనేజర్ గార్డియోలాకు 20,000 పౌండ్ల జరిమానా పడింది. వీళ్లతో విభేదించే అభిమానులు ఎందరో ఉన్నారు, అది ఆరోగ్యకరమే. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పార్టీకి జన్మలో ఓటు వేయనివాళ్లు కూడా ఆయన పేరు గౌరవంగా తలుచుకోవడం మన జిల్లాలో కొత్త కాదు. పన్నులు, సరిహద్దులు, ప్రభుత్వాల మీద అభిప్రాయం వేరు. కొందరు మనుషులే తక్కువ అనే సిద్ధాంతం వేరు. నిలదీయాల్సింది రెండోదాన్నే.

ఇంత దూరం నుంచి మన మాట ఎవరు వింటారని అంటారా? మన దేశంలో జెర్సీలు అమ్ముకునే క్లబ్బులు మన మాట కూడా వినాలి. ఆ సీజన్ జెర్సీ కొనకండి, ఎందుకు కొనలేదో క్లబ్బుకు రాయండి. మన ఆటగాడు గోల్ కొడితే గొంతు చించుకుని అరవండి. మేనేజర్ పేరు మీద కట్టిన పాట దగ్గర మాత్రం గొంతు కలపకండి. పక్కనున్న కుర్రవాడు కారణం అడిగితే, మ్యాచ్ అయ్యాక కూర్చోబెట్టి 2005 నాటి ఆ వందనం సంగతి మొదటి నుంచి చెప్పండి.