స్ప్రూస్ నారు: పగటిని కుదిస్తే, కుదించకపోతే

నార్డిక్ (ఉత్తర ఐరోపా) నర్సరీల్లో వేసవి నడుమ స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు నారు పెంచే కొన్ని మడులపై నల్లని తెర కప్పి, రెండు మూడు వారాలు పగటిని 8 గంటలకు కుదిస్తారు. మిగతావి సహజమైన దీర్ఘ పగటిలోనే పెరుగుతాయి.

తెర కింది మొక్క పొడవు పెరగడం ఆపి, కొనన గోధుమరంగు పొలుసుల మొగ్గ కడుతుంది. వేళ్లు మాత్రం ఎదుగుతూనే ఉంటాయి. కొత్త చిగురుకు ఖర్చుకాని చక్కెరలు కణాల్లో పేరుకుని, గడ్డకట్టే చలిలో కణపొరలను కాపాడతాయి. ఆకులో వెలుగును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకం గమనించేది నిజానికి రాత్రి నిడివిని. అందుకే తెరలో వెలుగు చొరబడే సందు ఉండకూడదు.

తెర లేని మొక్క ఎత్తుగా, కంటికి ఇంపుగా ఉంటుంది. కానీ దాని లేత కొన తొలి మంచుకే మాడిపోవచ్చు.

అయితే తెర మొక్క మరుసటి వసంతంలో ముందే చిగురించి, ఆలస్యంగా పడే మంచుకు చిక్కుతుంది. శరదృతువులో నాటడానికి నా ఓటు తెరకే. వసంతపు మంచు నిలిచే పల్లాలకు మాత్రం వద్దంటాను.