బ్రాడీపేట డీటీపీ సెంటర్: ప్రింటుకు ముందు ఫైలు చూసే దుకాణం

మిర్చి రైతుల శిక్షణ తరగతి కోసం పవర్‌పాయింట్‌లో తయారుచేసుకున్న స్లైడ్లను ఇంట్లో ప్రింటు తీస్తే ఒక్క కాగితమూ సరిగా రాలేదు. కుడివైపు అంచు తెగిపోయింది. కల్లంలో ఎండుతున్న కాయల ఫొటో మీద తెరపై తెల్లగా మెరిసిన శీర్షిక, కాగితం మీద నల్లబడి ఆ ఫొటోలోనే కలిసిపోయింది. గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర, బోర్డు మీద పేరు వెలిసిపోయిన డీటీపీ సెంటర్‌కు పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లాను.

అక్కడి ఆపరేటర్ ప్రింటు బటన్ జోలికి పోకుండా ముందు ఫైలు తెరిచి, "ప్రింటర్‌ది తప్పేం లేదు మాస్టారూ" అన్నారు. 2013 వెర్షన్ నుంచి పవర్‌పాయింట్ మామూలుగా ఇచ్చే స్లైడు వెడల్పు 13.33 అంగుళాలు కాగా, అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం 11.69 అంగుళాలే కనుక, స్లైడును కాగితానికి సరిపడా కుదించే 'స్కేల్ టు ఫిట్ పేపర్' టిక్కు లేకపోతే అంచు తెగడం సహజమని చూపించారు. శీర్షిక సంగతి ఇంకా చిత్రమైనది. నేను ఇంకు ఆదా అవుతుందని, రంగులు లేకుండా నలుపు, బూడిద ఛాయల్లో అచ్చువేసే గ్రేస్కేల్ ఎంచుకున్నాను. అందులో తెల్ల అక్షరాలను పవర్‌పాయింట్ తనంతట తానే నల్లగా మారుస్తుంది గాని, వెనుకనున్న ఫొటోను ముదురుగానే ఉంచుతుంది. ఆయన వ్యూ మెనూలో గ్రేస్కేల్‌కు వెళ్లి, ఫొటోను ఎంచుకుని 'లైట్ గ్రేస్కేల్' నొక్కగానే కాయలు పలచబడి అక్షరాలు పైకి తేలాయి.

యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటు 'అను'లో ఉన్న రెండు స్లైడ్లు నా కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజిగా కనిపించేవి. ఆ ఫాంటు అక్కడ ఉంది కాబట్టి తెలుగు తెలుగుగానే వచ్చింది. అయినా ఇకమీదట, ఆ ప్రత్యేక ఫాంటు లేకపోయినా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో టైపు చేసుకోమని, బయట ప్రింటుకు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ చేసి తెమ్మని చెప్పారు. ప్రింటులో పేజీకి మూడు స్లైడ్ల హ్యాండౌట్ (తరగతిలో పంచే కాగితం) ఎంచుకుంటే పక్కన రాసుకోవడానికి గీతలు కూడా వస్తాయన్నది ఆయన చెబితేనే తెలిసింది.

అచ్చు నాణ్యతకు వంక పెట్టలేను. దిద్దుబాటుకు విడిగా డబ్బు తీసుకుంటారన్న మాట మాత్రం బిల్లు చేతికొచ్చాకే తెలిసింది; పనికి తగ్గ మొత్తమే అయినా ముందే చెప్పవలసింది. సాయంత్రం వేళ కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులతో కౌంటరు దగ్గర నిలబడేందుకు చోటుండదు కనుక, ఇలాంటి ఫైళ్లతో వెళ్లేవారు దుకాణం తెరిచిన గంటలోపే వెళ్లడం మేలు.