హన్మకొండలో కేకు సామాన్లు కొనేటోళ్లు జాగ్రత్త: వెన్న అని స్టిక్కర్ అతికించి నూనె కొవ్వుల మార్జరీన్ అమ్ముతున్నరు

అక్కలారా, చెల్లెండ్లారా, కోపం మీదనే రాస్తున్న, అచ్చు తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. రాస్తే రేపు నా మీదనే కేసు పెడతడు, అంత ఘనుడు. కేకు సామాన్లు కొనేటోళ్లకు చెప్పకుండనే అర్థమైతది. మౌల్డులు, ఎసెన్సులు, చాక్లెట్ కాంపౌండ్ అన్నీ ఒక్క దగ్గర దొరుకుతయి, పండుగ పూట లైన్ ఉంటది, పైసలు గల్లాల పడేదాక "మేడమ్ మేడమ్" అంటనే ఉంటడు. ఆయనే.

సద్దుల నాడు బతుకమ్మ ఆడినంక మా కాలనీ ఆడోళ్లం ఒక దగ్గర కూసొని తలా ఒకటి తెచ్చింది పంచుకుంటం. ఈసారి లెమన్ బార్స్ చేస్త అని నేనే ముందటపడి చెప్పిన. కింద బిస్కెట్ లెక్క పొర, మీద నిమ్మకాయ క్రీమ్ పొర, చల్లారినంక ముక్కలు కోసుడే. అసలైతే పై పొర గుడ్లతోటి చేస్తరు. మా అత్తమ్మ ఈ తొమ్మిది దినాలు గుడ్డును వంటింట్లకు రానియ్యదు. అందుకని కండెన్స్‌డ్ మిల్క్, కార్న్‌ఫ్లోర్ పెట్టి చేసిన. (కార్న్‌ఫ్లోర్ ఉడికి చిక్కబడ్డంకనే నిమ్మరసం పొయ్యాలె, ముందే పోస్తే పులుపుకు పలుచబడుతది.) ఆ పొర మస్తు కుదిరింది. మన నిమ్మకాయలవి సన్నటి తోళ్లాయె, కింది తెల్లపొర తగిలితే చేదు, తగలకుండ మీది తోలు గీకేసరికి గోర్ల సందుల మంటలు లేచినయి. దాని మీద ఫిర్యాదు లేదు.

మోసమంతా కింది పొరల ఉన్నది. అందుల ఉండేది మైదా, చక్కెర పొడి, వెన్న, అంతే. రెండు కప్పుల మైదాకు ఒక కప్పు వెన్న పడుతది. కప్పిపెట్టడానికి చాక్లెట్ లేదు, యాలకులు లేవు, రుచంతా వెన్నదే. అందుకే ఉప్పు లేని అసలు వెన్న కావాలె అని నొక్కి నొక్కి అడిగిన. "ప్యూర్ బటర్ మేడమ్, హోటలోళ్లంతా ఇదే పట్టుకపోతరు" అని కిలో ముద్ద చేతుల పెట్టిండు. మీద తెల్ల స్టిక్కర్, దాని మీద నల్లగ "అన్‌సాల్టెడ్ బటర్". తీసుకున్నది వెన్న రేటే, పైసా తగ్గించలే. బిల్లు అడిగితే చిన్న చిట్టీ మీద అంకె గీకి ఇచ్చిండు. వస్తువు పేరు లేదు, షాపు పేరు లేదు. నేను దాన్ని మడిచి పర్సుల పెట్టుకున్న, అదేదో రిజిస్ట్రీ కాగితమైనట్టు.

180 డిగ్రీల మీద కింది పొర పెట్టిన. వెన్న కాలుతుంటే ఇల్లంతా కమ్మటి వాసన రావాలె గదా, రాలే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గుంజుకపోయిందేమో అనుకున్న. ఏం తెలివి!

ఇంకోటి వినండి. ఆ రోజు వెన్నముద్దల బతుకమ్మ, సద్దులకు ముందు దినం. నువ్వులు, వెన్న, బెల్లం కలిపి నైవేద్యం పెడతం గదా. ఇంట్ల తీసిన వెన్న సరిపోలేదని అత్తమ్మ నా ముద్దల నుంచి ఒక గరిటెడు తీసుకున్నది. ఉండ కడుతుంటే అరచేతుల కరగాలె. కరగలే. "ఏందే ఇది, మైనం లెక్క అంటుతున్నది" అన్నది. ఇప్పుడే ఫ్రిజ్‌ల నుంచి తీసిన గదా అత్తమ్మా అని నేనే సర్దిచెప్పిన. తీసుకపోయి అమ్మవారి ముంగట పెట్టినం.

రాత్రి ముక్క కోసి నోట్ల ఏసుకుంటే అప్పుడు తెలిసింది. నిమ్మ పొర ఇట్ల కరిగిపోయింది, కింది పొర పోయి అంగిట్ల అతుక్కున్నది. నీళ్లు తాగినా పోతలేదు. వెన్న నోటి వేడికే కరుగుతది. బేకరీ మార్జరీన్ అంత తొందరగ కరగదు, వేడిల గూడ గట్టిగ నిలవాల్నని నూనె కొవ్వులతోటి చేస్తరు. ఫ్రిజ్ తెరిచి మిగిలిన ముద్ద తీసిన. తడికి స్టిక్కర్ ఒక మూల లేచింది. గోరుతోటి మెల్లగ లాగిన. కింద పసుపు కాగితం, ఎర్ర అక్షరాలు: బేకరీ మార్జరీన్. దాని కింద చిన్నగ ఎడిబుల్ వెజిటబుల్ ఫ్యాట్, నీళ్లు, ఉప్పు, ఎమల్సిఫైయర్, రంగు, ఫ్లేవర్. పాల పేరే లేదు. ఉప్పు లేనిది అడిగితే అండ్ల ఉప్పు సుతం ఉన్నది!

తెల్లారి ఇంటి పనంతా అట్లనే ఇడిచిపెట్టి షాపుకు పోయిన. స్టిక్కర్ సగం లేచిన ముద్ద గల్లా బల్ల మీద పెట్టి, "ఇది వెన్నేనా?" అన్న. ఫోన్‌ల నుంచి తలకాయ లేపలే.

"వెన్న లెక్కనే మేడమ్."

"వెన్న లెక్కనా, వెన్ననా?"

అప్పుడు చూసిండు. చూసి ఏమన్నడో తెలుసా? "నలుగురికి పంచిపెట్టే దానికి గింత పట్టింపెందుకు మేడమ్, తినేటోళ్లకు తెలుస్తదా?"

"నైవేద్యంల పెట్టినం" అన్న. నవ్విండు. నిజంగనే నవ్విండు. "దేవునికి అన్నీ ఒక్కటే" అన్నడు. వెనుక లైన్ల ఉన్నోళ్లు గూడ ఇద్దరు ముగ్గురు నవ్విన్రు, నాకు మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. పైసలు వాపస్ ఇయ్యిమంటే, "బిల్లు చూపించుండ్రి. లేదా? మరి మా దగ్గర్నే కొన్నరని ఏంది గ్యారంటీ?" నేను పర్సుల నుంచి చిట్టీ తీసే లోపట్నే పనిపిల్లగాడు ముద్దను మళ్ల నా చేతుల పెట్టి పక్కకు జరుగుమన్నడు. నిన్నటిదాక మేడమ్, ఇయ్యాల పక్కకు జరుగు!

మార్జరీన్ అమ్మద్దని నేనంటలేను. పఫ్‌లకు, బేకరీ బిస్కెట్లకు అది వాడుతరు, అందరికీ తెలిసిందే. దాని పేరుతోటి, దాని రేటుకు అమ్ము, ఎవరొద్దన్నరు? స్టిక్కర్లు అచ్చేయించి మరీ అతికిస్తున్నడంటే ఇది నా ఒక్క ముద్ద సంగతి కాదు. 2006 ఆహార భద్రత చట్టంల 52వ సెక్షన్ ఉన్నది, తప్పుడు లేబుల్‌తోటి అమ్మితే 3 లక్షల దాక జరిమానా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన. ఏమైతదో చూడాలె.

బార్స్ ఎవ్వరికీ పెట్టలే. పెడితే తినేటోళ్లే, ఆయన అన్నట్టు తెలిసేది గూడ కాదేమో. నాకు మనసొప్పలే. ఇంట్ల మిగిలిన నిమ్మకాయలతోటి పులిహోర కలిపి పట్టుకపోయిన. "లెమన్ బార్స్ అన్నవ్?" అని మా వదిన అందరి ముంగట అడగనే అడిగింది.

ఇగ మీరైతే, కంపెనీ ప్యాకెట్‌ల వచ్చే వెన్ననే కొనండి, వెనుక తిప్పి పాల కొవ్వు అని ఉన్నదో లేదో చూడండి. విడి ముద్దే కొనాల్సి వస్తే అక్కడనే చిటికెడు వేళ్ల నడుమ రుద్దండి, ఇంటికొచ్చి చెంచాడు కాచి చూడండి, నెయ్యి వాసన రాకపోతే అది వెన్న కాదు. బిల్లు మీద వస్తువు పేరు రాయించుకోండి, నా లెక్క అంకె కాగితం పట్టుకొని రావద్దు. ఆ ముద్ద స్టిక్కర్‌తోటి సహా నా ఫ్రిజ్‌లనే ఉన్నది, ఫోటోలు గూడ తీసిన. ఈ పండుగకు అక్కడ వెన్న కొన్నోళ్లు ఎవరన్న ఉంటే స్టిక్కర్ మూల జర లేపి చూసి, కింద ఏమున్నదో ఇక్కడ రాయండి. నలుగురం కలిసి ఫిర్యాదు పెడితే ఇంటరు, ఒక్కదాన్ని పోతే మళ్ల నవ్వుతడు.