గురి తప్పిన తూటా: మన సెక్షన్ 102 మేలా, జర్మనీ పద్ధతి మేలా?

ఒకడు రాజు అనే అతని మీదికి తుపాకీ పేల్చాడు. రాజు వంగిపోయాడు. వెనక కిళ్లీ కొట్టు దగ్గర సోడా తాగుతున్న మనిషికి తగిలి అక్కడికక్కడే పోయాడు. "అతనెవరో కూడా నాకు తెలీదు సార్, అతన్ని నేనెందుకు చంపుతాను" అంటాడు పేల్చినవాడు. నిజమే చెప్తున్నాడు కూడా. మరి దీన్ని హత్య అనాలా, వద్దా?

మన చట్టం అనాలనే అంటుంది. ఒకప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 301, 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 102. నువ్వు చంపాలనుకున్నవాడు చచ్చి ఉంటే అది ఏ నేరం అయ్యేదో, వాడి బదులు పోయినవాడి విషయంలోనూ అదే నేరం. రాజు పోయుంటే హత్య అయ్యేది కాబట్టి సోడా తాగుతున్నాయనదీ హత్యే, సెక్షన్ 103 కింద ఉరి లేదా యావజ్జీవం. ఇందులో ఇంకో సగం ఉంది, అది చాలామందికి తట్టదు: రాజు అప్పటికప్పుడు రెచ్చగొట్టిన తీరు వల్ల ఆ నేరం హత్య స్థాయి నుంచి తగ్గేదే అయితే, పక్కవాడి విషయంలోనూ అంతే తగ్గుతుంది. అంటే ఉద్దేశం ఒక్కటే కాదు, దాని వెంట ఉన్న మినహాయింపులు కూడా కలిసే వస్తాయి.

లా చదివినవాళ్లకి ఇది తుపాకీతో కాదు, హల్వాతో గుర్తుంటుంది. 1912లో మద్రాస్ హైకోర్టు ముందుకొచ్చిన ముసునూరు సూర్యనారాయణమూర్తి కేసు. ముద్దాయి ఒకాయన పేరు మీద ఆయనకి తెలియకుండా ఇన్సూరెన్స్ చేయించి, ఆ డబ్బు కోసం విషం కలిపిన హల్వా పెట్టాడు. ఆయన కాస్త తిని పారేశాడు, బతికాడు. మిగిలింది ఒక చిన్నపిల్ల తిని చనిపోయింది, అదీ ముద్దాయి చుట్టాలమ్మాయే. ఇద్దరు జడ్జీలకి పొసగక మూడో జడ్జి దాకా వెళ్లింది, చివరికి హత్యే అని తేల్చారు.

జర్మనీ వాళ్లు ఇలా ఒప్పుకోరు. వాళ్లు ముందు ఒక ప్రశ్న అడుగుతారు: పొరబడింది నీ కన్నా, నీ చెయ్యా? చీకట్లో ఎవరినో చూసి వీడే రాజు అనుకుని కాల్చావా, అయితే నీ గురిలో ఉన్న మనిషినే నువ్వు చంపావు, పేరొక్కటే తప్పు, కాబట్టి హత్యే. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో 1859లోనే ఇలాంటి తీర్పు ఉంది, వడ్రంగి అనుకుని ఒక 17 ఏళ్ల కుర్రాణ్ని కాల్చిన కిరాయి మనిషి కేసులో. కానీ రాజుకి గురిపెడితే తూటా పక్కకు పోయిందనుకోండి, అప్పుడు లెక్క రెండు ముక్కలవుతుంది: రాజు మీద హత్యాయత్నం, పోయినవాడి విషయంలో నిర్లక్ష్యం వల్ల మరణం. ఈ రెండోదానికి వాళ్ల దగ్గర గరిష్ఠంగా 5 ఏళ్లు.

కాగితం మీద జర్మనీ పద్ధతి నిజాయితీగానే కనిపిస్తుంది, ఎవరి మీద ఏ మనసుతో ఏం చేశావో అంతే రాస్తుంది, లేని ఉద్దేశాన్ని ఉన్నట్టు చూపించదు. పైగా సంతలోనో బస్టాండులోనో పేల్చాడనుకోండి, "పక్కవాళ్లకి తగలొచ్చు, తగిలితే తగలనీ" అనుకున్నాడని తేలితే అక్కడా పూర్తి ఉద్దేశం కిందే లెక్క. అంటే జనం మధ్యలో రెండు దారులూ దాదాపు ఒకచోటికే చేరతాయి. తేడా వచ్చేది ఎవరూ లేరనుకున్న సందులో, తలుపు వెనక ఎవరో ఉన్నప్పుడు.

అక్కడ నా ఓటు మాత్రం మనవాళ్లకే. ఉత్తరప్రదేశ్ కేసొకటి 2006లో సుప్రీంకోర్టుకి వచ్చింది. కాల్పుల మధ్య, దుకాణానికి సరుకుల కోసం వచ్చిన అమ్మాయికి తగిలి చనిపోయింది. ఆమెని చంపే ఉద్దేశం లేదు కదా అని హైకోర్టు హత్య అభియోగం నిలవదంది, సుప్రీంకోర్టు అది తప్పని, 301 ఉన్నదే అందుకని చెప్పింది. లారీ రివర్స్ చేస్తూ వెనక చూసుకోని డ్రైవర్‌దీ నిర్లక్ష్యమే, మనిషిని చంపాలని ట్రిగ్గర్ నొక్కినవాడిదీ నిర్లక్ష్యమేనా? ఆ పిల్ల తల్లిదండ్రులకి ఆ మాట ఎలా చెప్తాం?

చావకుండా గాయపడితే? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2002లో హత్యాయత్నానికి ఉద్దేశం అలా బదిలీ కాదంది, ఆ గాయపడ్డవాణ్ని కూడా చంపాలనుకున్నాడని విడిగా చూపించాలి. మన హత్యాయత్నం సెక్షన్ 109 మాటల్లో ఆ చిక్కు అంతగా లేదు, "ఈ పని వల్ల చావు జరిగి ఉంటే హత్య అయ్యేదా" అన్నదే అక్కడి ప్రశ్న.

అయితే 102ని అన్నిటికీ వాడేయకూడదు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: దొంగిలించడానికి కోడిని కాల్చాడు, పొద వెనక ఉన్న మనిషి పోయాడు, అక్కడ మనిషున్నాడని వాడికి తెలీదు. అది నేరపూరిత నరహత్య (చంపాలనో, చావొచ్చని తెలిసో ప్రాణం తీయడం) కాదు. కోడి మీద ఉద్దేశం మనిషి మీదికి మారదన్నమాట. కోడి దొంగకి భలే అదృష్టం.

ఇక పెళ్లి కాల్పులు, పిచ్చోడి చేతిలో రాయి వ్యవహారం. ఇక్కడ చంపాలనుకున్నవాడే లేడు, కాబట్టి బదిలీ చేయడానికీ ఏమీ లేదు. ఉత్తరాఖండ్‌లో కొడుకు పెళ్లిలో ఒక తండ్రి పైకప్పు వైపు పేలిస్తే తూటాలోని రవ్వలు ఐదుగురికి తగిలి ఇద్దరు పోయారు. కింది కోర్టులు హత్య అన్నాయి, 2020లో సుప్రీంకోర్టు దాన్ని పాత ఐపీసీ 304 రెండో భాగానికి (హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య) తగ్గించి 10 ఏళ్లు వేసింది. చంపాలని లేకపోయినా చావొచ్చని తెలుసు కదా అన్నది లెక్క. నాకైతే అది సరైన చోటే అనిపిస్తుంది. నాకు నచ్చనిది వేరే: ఎవరికీ తగలకపోతే, 2019 సవరణ తర్వాత కూడా ఆయుధాల చట్టంలో దానికి గరిష్ఠం రెండేళ్లు లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. తుపాకీ అదే, కప్పు అదే, రవ్వ ఎటు పోయిందన్నదొక్కటే తేడా.