వారానికి రెండు రోజుల విరామం: రెండేళ్లు పాటించాక

మొదటి ఏడాదిన్నర వారంలో ఏడు రోజులూ వ్యాయామం చేశాను. ఒక్క రోజు మానేస్తే పడ్డ కష్టమంతా కొట్టుకుపోతుందని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు బుధ, ఆదివారాల్లో బరువులు ముట్టను. ఇలా మొదలుపెట్టి రెండేళ్లు నిండాయి.

నన్ను ఆపింది మోకాలు. మెట్లు దిగుతుంటే చిప్ప కింద సూదితో గుచ్చినట్టుండేది. భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ నాలుగు నెలలుగా 50 కిలోల దగ్గరే ఆగిపోయింది. ఒళ్లు హూనమైనా రాత్రి నిద్ర పట్టేది కాదు. పొద్దున లేవగానే చూసుకునే నాడి నిమిషానికి 62 ఉండేది కాస్తా 70కి చేరింది. చాలడం లేదేమో అనుకుని సెట్లు ఇంకా పెంచాను. అదే నేను చేసిన పెద్ద తప్పు.

ఫిజియోథెరపిస్ట్ చెప్పాక విషయం తలకెక్కింది. బరువు ఎత్తడం కండరానికి పని పెట్టడం మాత్రమే. అది బాగుపడి బలపడేది ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కు రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి అది ఇంకా నెమ్మది. నా కండరాలు ఓర్చుకున్నాయి, టెండన్ ఓర్చుకోలేకపోయింది.

మొదటి మూడు వారాలు నరకం. బుధవారం సాయంత్రమయ్యేసరికి కాలు నిలిచేది కాదు. ఒకరోజు చాప పరిచి పది పుషప్‌లే అని మొదలుపెట్టి నలభై చేసేశాను. ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టం ఇదే, ముందే తెలుసుకుని దిగండి. నాలుగో వారం గురువారం మాత్రం అదే 50 కిలోలు, మూడుసార్లకే ఆగిపోయేదాన్ని, ఐదుసార్లు లేచాను. విరామం ఫలితం విరామం రోజున కనబడదు, మర్నాడు కనబడుతుంది.

మోకాలు కుదుటపడటానికి మూడు నెలలు పట్టింది. అది విరామం ఒక్కదాని వల్లే కాదు, బరువు తగ్గించి నెమ్మదిగా చేసిన కాళ్ల వ్యాయామాలూ తోడయ్యాయి. నాడి మళ్లీ 62కి దిగింది. స్క్వాట్ ఇప్పుడు 70 కిలోలు.

నాకు నప్పనివి కూడా ఉన్నాయి. రెండు విరామాలు వరుసగా పెడితే మూడో రోజు ఒళ్లు బిగుసుకుపోతోంది, అందుకే విడదీశాను. రోజంతా కూర్చున్నా అంతే. అందుకే విరామం రోజుల్లో అరగంట నడుస్తాను. నిద్ర తక్కువైన వారంలో ఎన్ని విరామాలు తీసుకున్నా లాభం లేదు. రోజూ నడక మాత్రమే చేసేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, ఇది బరువులెత్తేవాళ్లకూ గట్టిగా పరుగెత్తేవాళ్లకూ. విశ్రాంతి ఇచ్చినా తగ్గని నొప్పిని మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

మొన్నామధ్య జ్వరంతో పది రోజులు ఏమీ చేయలేదు. కోలుకున్నాక మొదటి వారం తేలిగ్గా చేశాను. రెండో వారానికి స్క్వాట్ మళ్లీ 70 కిలోలకు చేరింది.