స్టీరియో రియలిస్ట్ వ్యూయరు: నలభై స్లైడ్లు చూశాక

మా పెదనాన్నగారు అమెరికాలో చదువుకుని వస్తూ తెచ్చుకున్న, లోతు కనిపించేలా జంట బొమ్మలు తీసే స్టీరియో రియలిస్ట్ కెమెరాతో తీసిన నలభై స్లైడ్లు, చూసే సాధనం లేక, విజయనగరంలోని మా ఇంట్లో ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉండిపోయాయి. ఈ మధ్య అదే కంపెనీవారి ఎర్ర బటను వ్యూయరును పాత సామాన్ల వ్యాపారి ఒకరి దగ్గర కొన్నాను. బాగా పనిచేస్తుందని ఆయన చెప్పినా, లోపల ఎప్పటివో బ్యాటరీలు కారి రేకులన్నీ చిలుము పట్టి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది, బల్బు మార్చిన తరువాతే అది వెలిగింది.

1947లో మార్కెట్లోకి వచ్చిన ఆ కెమెరాకు 70 మిల్లీమీటర్ల ఎడంతో రెండు లెన్సులుంటాయి. మన కళ్ల మధ్య దూరం కూడా సుమారు అంతే కాబట్టి, ఎడమ బొమ్మను ఎడమ కన్నూ కుడి బొమ్మను కుడి కన్నూ విడివిడిగా చూస్తే లోతు తెలుస్తుంది. ఈ వ్యూయరులో ఫోకసుకు ఒక మరా, కళ్ల ఎడానికి మరొకటీ ఉండడం వల్ల ఎవరి చూపుకు తగినట్టు వారు సరిచేసుకోవచ్చు. పిల్లలు కళ్లకు పెట్టుకుని చూసే వ్యూమాస్టర్ అనే ఆటవస్తువు చక్రంలోని ఏడు జతల చిన్న బొమ్మలతో పోలిస్తే ఇందులో కనిపించే వివరం ఎంతో ఎక్కువ.

సిరిమానోత్సవం స్లైడు పెట్టినప్పుడు దీని విలువ నాకు పూర్తిగా అర్థమైంది. మాను కొసన కూర్చున్న పూజారి, ఆయన వెనక కోట గోడ, కింద జనం తలపాగాలు, ఏది ఉండవలసిన దూరంలో అది నిలబడ్డాయి. మానుకూ జనానికీ మధ్యనున్న ఖాళీ కూడా కంటికి ఆనింది. అమ్మ చాలాసేపు కళ్లు తీయకుండా చూసి, "బావగారు ఎక్కడ నిలబడి తీశారో తెలిసిపోతోందిరా" అంది. చీకట్లో ఉంచితే రంగు నిలిచే కొడాక్రోమ్ ఫిల్ము కావడం వల్ల, ఇన్నాళ్లూ పెట్టె చీకట్లోనే ఉన్నందువల్ల, పసుపు కుంకుమల రంగులు వెలిసిపోలేదు.

ఒక స్లైడులో మాత్రం తలలు గుంటల్లాగా లోపలికి పోయి, ఆకాశం ముందుకు వచ్చింది. ఎప్పుడో మౌంటు (ఫిల్ము ముక్కలను పట్టి ఉంచే చట్రం) మార్చినవారు కుడి ఎడమలు తారుమారు చేశారు. మౌంటు విప్పి రెండు ముక్కలనూ అటుదిటు మార్చాక సరిపోయింది.

ఒక్కసారికి ఒక్కరే చూడగలగడం దీనికున్న లోటు. నలుగురూ కలిసి చూడాలంటే రెండు బొమ్మలనూ పోలరైజింగ్ ఫిల్టర్ల (ఒక్కో కంటికి దాని బొమ్మే చేరేలా వెలుగును వడకట్టే పలకల) గుండా తెరమీద వేసి, అటువంటి కళ్లద్దాలే పెట్టుకోవాలి; సున్నం గోడ పనికిరాదు, వెండి పూత తెరే కావాలి. ఇంటి మట్టుకు ఈ వ్యూయరే మేలు. చూడడం అయిపోగానే బ్యాటరీలు తీసేయండి. వానాకాలంలో స్లైడ్ల పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి, లేకుంటే ఫిల్ముకు బూజు పడుతుంది.